సూపర్‌హీరో సినిమాకి సోమవారం ఎవరొస్తారు? (చిక్కడపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చేయండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైక్ వినిపిస్తుందా? సరే.

టాపిక్ మీకు తెలిసిందే, వందల కోట్లు పోసి తీసిన సూపర్‌హీరో సినిమాలు కొన్ని దుమ్ము లేపుతుంటే కొన్ని ఆదివారం దాటకుండానే ఎందుకు చల్లబడిపోతున్నాయి అని. నేను చాలా ఏళ్ళు నైజాం, అంటే తెలంగాణ ఏరియా, డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో లెక్కలు చూసినవాణ్ణి, సెకండ్ షో మొదలయ్యాక థియేటర్ల నుంచి డీసీఆర్‌లు, అంటే ఆ రోజు వసూళ్ళ లెక్కలు, వస్తుంటే కూర్చుని కూడుకోవడమే పని, అందుకని డబ్బు వైపు నుంచే మొదలుపెడతా, కథ దగ్గరికి తర్వాత వస్తా. అయితే ఈ రెండూ వేరు వేరు కాదని నేను గట్టిగా నమ్ముతా, ఎంత ఖర్చు పెట్టాలో డిసైడ్ చేసుకున్న రోజునే ఆ కథ ఎలా ఉండబోతుందో సగం డిసైడ్ అయిపోతుంది, ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక లెక్క సరిగ్గా పెట్టుకుందాం, ఎందుకంటే దీన్ని దాదాపు అందరూ తప్పుగానే వేస్తారు. బడ్జెట్ 20 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిపి 27 కోట్ల డాలర్లు వచ్చాయి, ఇంకేం 7 కోట్లు లాభమే కదా అంటారు. కాదండీ. ఆ 27 కోట్లు గ్రాస్, అంటే మనం కౌంటర్లో ఇచ్చిన డబ్బు. అందులో థియేటర్ వాటా పోవాలి, ట్యాక్సులు పోవాలి. అమెరికాలో అయితే స్టూడియో చేతికి సుమారు సగం, కొంచెం ఎక్కువ, వస్తుంది, బయట దేశాల్లో అంతకంటే తక్కువ, చైనాలో అయితే నూటికి 25 మాత్రమే. పైగా బడ్జెట్ అని పేపర్లో వేసే నంబర్లో పబ్లిసిటీ ఖర్చు ఉండదు, అది పెద్ద సినిమాకి విడిగా ఇంకో పది కోట్ల డాలర్ల దాకా పోతుంది. అందుకే అక్కడి ట్రేడ్‌లో ఒక మోటు లెక్క ఉంది, బడ్జెట్‌కి రెండున్నర రెట్లు గ్రాస్ వస్తే గానీ ఒడ్డున పడ్డట్టు కాదు అని. నేనిప్పుడు చెప్పిన 20, 27 నంబర్లు ఊరికే చెప్పలేదు, 2023లో వచ్చిన ద ఫ్లాష్ సినిమా లెక్క సుమారుగా అదే. పేపర్లో చూస్తే లాభంలా కనిపిస్తుంది, నిజానికి పెద్ద నష్టం.

మన దగ్గరా అంతే, గ్రాస్‌లోంచి జీఎస్టీ తీసెయ్యాలి, థియేటర్ రెంటో పర్సంటేజో తీసెయ్యాలి, మిగిలిందే షేర్. బయ్యర్, అంటే ఏరియా హక్కులు కొనుక్కున్నవాడు, తన బ్రేక్ ఈవెన్, అంటే పెట్టిన డబ్బు వెనక్కొచ్చిందా లేదా అనేది, ఆ షేర్‌తో చూసుకుంటాడు. పోస్టర్ మీద వేసే వంద కోట్లు, రెండొందల కోట్లు చూసి మురిసిపోయే ఫ్యాన్స్‌కి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, ఇవాళ మీకైనా ఎక్కితే నాకు సంతోషం.

ఇప్పుడు జోకర్ చూడండి. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది, అందుకే కొంచెం ఎక్కువ టైం తీసుకుంటా. 2019లో మొదటిది వచ్చింది, ఖర్చు ఐదున్నర నుంచి 7 కోట్ల డాలర్ల మధ్యలో చెప్తారు, వసూలు 100 కోట్ల డాలర్లు దాటింది. అయిదేళ్ళ తర్వాత 2024లో రెండోది, అదే డైరెక్టరు, అదే యాక్టరు, ఖర్చు మాత్రం 20 కోట్ల డాలర్ల దగ్గరికి వెళ్ళింది. వసూలైంది 20 కోట్లకి కొంచెం పైన. ఘోరమైన ఫ్లాప్. ఇక్కడ ఆగి ఒక్క నిమిషం ఆలోచించండి, ఈ రెండోదాన్ని మొదటి పార్ట్ బడ్జెట్‌లో తీసి, వసూలు మాత్రం అదే 20 కోట్లు వచ్చుంటే? ఏడుని రెండున్నరతో గుణించండి, పదిహేడున్నర. ఆ సినిమా గట్టెక్కేది. జనాలకి నచ్చలేదు అనేది నిజమే, నచ్చలేదు, కానీ నచ్చకపోయినా అన్ని లక్షల మంది వచ్చి చూశారు కదా, ఆ వచ్చిన వాళ్ళు సరిపోనంత ఖర్చు పెట్టారు, తప్పు అక్కడ జరిగింది. హిట్టా ఫ్లాపా అనేది స్క్రీన్ మీద బొమ్మ ఒక్కటే చెప్పదు, ఎంత మంది రావాలని పందెం కాశారో అది కూడా చెప్తుంది.

దీనికి రివర్స్‌లో డెడ్‌పూల్ ఉంది, 2016. ఖర్చు 5.8 కోట్ల డాలర్లు, ఆ కేటగిరీలో అది చాలా తక్కువ. షూటింగ్‌కి ముందు స్టూడియో ఇంకొంత కోత పెట్టింది, రైటర్లు ఏం చేశారంటే క్లైమాక్స్ ఫైట్‌కి వెళ్తూ హీరో తన తుపాకుల బ్యాగు ట్యాక్సీలో మర్చిపోయినట్టు రాసేశారు, తుపాకుల ఫైట్ తీయాలంటే డబ్బులు కావాలి కాబట్టి. థియేటర్లో జనం పగలబడి నవ్వారు ఆ సీన్‌కి. ఆ క్యారెక్టర్ అలాంటోడే కాబట్టి అతికిపోయింది. వసూలు 78 కోట్ల డాలర్లు. డబ్బు తక్కువున్నప్పుడు రైటర్ మెదడు పని చేస్తుంది, డబ్బు ఎక్కువైతే ఆ పని గ్రాఫిక్స్ వాళ్ళకి అప్పజెప్తారు, నేను చూసినంతలో ఇది చాలా సినిమాలకి వర్తిస్తుంది.

(ముందు వరసలోంచి ఒకరు: అట్లయితే ఎండ్‌గేమ్ ఏంది సార్, దానికి బోలెడు ఖర్చయింది కదా?)

మంచి ప్రశ్న తమ్ముడూ, అక్కడికే వస్తున్నా. మార్వెల్ సంస్థ తీసిన ఆ ఎండ్‌గేమ్‌కి 35 కోట్ల డాలర్ల ఖర్చు, వసూలు 280 కోట్ల డాలర్లు. ఆ ఏప్రిల్‌లో ఈ ఊళ్ళో మీరు ఉండుంటే గుర్తుంటుంది, 2019 ఏప్రిల్ 26, ప్రసాద్స్‌లో తెల్లవారుజాము షోలకి కూడా టికెట్ దొరకలేదు, తెలుగు డబ్బింగ్‌కి మామూలు స్టార్ సినిమా లెవెల్లో గోల. అంతకుముందు ఏడాది ఇన్ఫినిటీ వార్ తెలుగులో థానోస్‌కి రానా గొంతిచ్చాడు, అప్పటికే వాడు మనోళ్ళకి మన విలన్ అయిపోయాడు. అయితే ఆ 35 కోట్లు ఒక్క సినిమా మీద పెట్టిన పందెం అనుకోవద్దు. 2008 నుంచి 21 సినిమాలు తీసి, ఒక్కొక్క మనిషిని పరిచయం చేసి, వాళ్ళ గొడవలు, వాళ్ళ స్నేహాలు అన్నీ నాటి, 22వ సినిమాలో పంట కోశారు. పదకొండేళ్ళు పోగేసిన నమ్మకం అది. ఖర్చు ఎక్కువే, కానీ ఎంతమంది వస్తారో వాళ్ళకి ముందే తెలుసు.

ఆ తర్వాత ఏం జరిగింది? ఆ నమ్మకాన్ని ఖర్చుపెట్టుకుంటూ పోయారు. 2021 నుంచి ఓటీటీలో సీరీస్‌లు మొదలుపెట్టారు, ఏడాదికి మూడు నాలుగు సినిమాలు, మధ్యలో సీరీస్‌లు, ఒకదాంట్లో జరిగింది ఇంకోదాంట్లో తెలిసుండాలి. 2023 నవంబర్‌లో ద మార్వెల్స్ వచ్చింది, అందులో ముగ్గురు హీరోయిన్లుంటే ఇద్దరి కథ ఓటీటీ సీరీస్‌లలో నడిచింది. అవి చూడని మనిషి టికెట్ కొని లోపల కూర్చుంటే ఎవరో తెలియని చుట్టాల పెళ్ళికి వచ్చినట్టే. ప్రపంచమంతా కలిపి 20 కోట్ల 60 లక్షల డాలర్లు, ఆ సంస్థ సినిమాలన్నిట్లో అదే అట్టడుగు. మార్వెల్ యజమాని డిస్నీకి అప్పటి పెద్దాయన బాబ్ ఐగర్ కూడా ఆ ఏడాదే ఒప్పుకున్నాడు, ఎక్కువ తీయడం వల్ల క్వాలిటీ పల్చబడింది, ఇక తగ్గిస్తాం అని.

ఈ మార్వెల్స్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకెళ్ళలేను. ఆడవాళ్ళు హీరోలైతే సినిమా ఆడదు అని అప్పట్లో చాలామంది రాసేశారు, ఇప్పటికీ రాస్తున్నారు. అది అబద్ధం, నాకు ఆ మాట వింటే నిజంగానే కోపం వస్తుంది. ఆ ముగ్గురిలో ఒకరి మొదటి సినిమా, కెప్టెన్ మార్వెల్, 2019 మార్చిలో వచ్చి 113 కోట్ల డాలర్లు తెచ్చింది. అది ఎండ్‌గేమ్‌కి ఏడు వారాల ముందు వచ్చింది కాబట్టి ఆ ఊపు కలిసొచ్చింది, నేనూ ఒప్పుకుంటా, కానీ వండర్ ఉమన్‌కి ఏ ఊపు ఉంది 2017లో? 82 కోట్ల డాలర్లు. మార్వెల్స్‌కి ఇంకో దెబ్బ కూడా పడింది, హాలీవుడ్ యాక్టర్ల సమ్మె 2023 జులై నుంచి నవంబర్ 9 దాకా నడిచింది, సినిమా రిలీజ్ 10న, అంటే ఒక్క ఇంటర్వ్యూ ఇవ్వడానికి కూడా టైం లేదు. ఇన్ని కారణాలు కళ్ళ ముందు పెట్టుకుని ఆడపిల్లల మీద తోసేయడం ఏం న్యాయం? మన పక్కనే కేరళలో 2025 ఆగస్టులో లోకా వచ్చింది, కల్యాణి ప్రియదర్శన్ హీరో, 30 కోట్ల రూపాయల బడ్జెట్ అన్నారు, వసూలు 300 కోట్లు దాటింది, మలయాళంలో అప్పటిదాకా ఏ స్టార్ సినిమాకీ రానంత. దాని గురించి మళ్ళీ చెప్తా.

మార్వెల్‌కి పోటీ సంస్థ డీసీ, ఇందాకటి జోకర్, ఫ్లాష్, వండర్ ఉమన్ వాళ్ళవే, వాళ్ళ కథ ఇంకా నేర్చుకోదగ్గది. కొత్తగా వచ్చిన మేనేజ్‌మెంట్ 2023 జనవరి చివర్లో, మేం అంతా మొదట్నుంచి కొత్తగా మొదలుపెడుతున్నాం అని ప్రకటించేసింది. బాగానే ఉంది, కానీ పాత వరసలో తీసిన నాలుగు సినిమాలు అప్పటికే రెడీగా ఉన్నాయి, మార్చిలో ఒకటి, జూన్‌లో ఒకటి, ఆగస్టులో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి వదిలారు. ఈ కథ ఎటూ పోదని తెలిశాక ప్రేక్షకుడు ఎందుకొస్తాడు? నాలుగూ పోయాయి. ఆక్వామేన్ మొదటి పార్ట్ 2018లో 115 కోట్ల డాలర్లు తెచ్చింది, రెండో పార్ట్ అందులో సగం కూడా తేలేదు. మన బయ్యర్లయితే అలాంటి ప్రకటన విన్న రోజే అడ్వాన్స్ వెనక్కి అడిగేవాళ్ళు.

చైనా సంగతి కూడా చెప్పాలి. ఎండ్‌గేమ్‌కి ఒక్క చైనా నుంచే 60 కోట్ల డాలర్ల పైన వచ్చాయి. ఆ 2019 మధ్య నుంచి మూడున్నరేళ్ళు అక్కడ కొత్త మార్వెల్ సినిమా ఒక్కటి కూడా రిలీజవ్వలేదు, 2023లో మళ్ళీ తలుపు తెరిచేసరికి అక్కడి జనం వాళ్ళ సొంత సినిమాలకి అలవాటు పడిపోయారు. బడ్జెట్లు మాత్రం చైనా ఉన్నప్పటి లెవెల్లోనే ఉండిపోయాయి. ఆదాయం తగ్గింది, ఖర్చు తగ్గలేదు, ఇందులో పెద్ద రహస్యం ఏం లేదు.

ఇక ఖర్చు ఎందుకు పెరుగుతుంది అంటే, హీరోల రెమ్యునరేషన్ ఒకటి, అది అందరికీ తెలుసు, వదిలేద్దాం. నేను చెప్పదల్చుకుంది గ్రాఫిక్స్ గురించి. వీఎఫ్‌ఎక్స్ ఖరీదైంది అంటారు, నిజమే, కానీ దానికంటే ఖరీదైంది మనసు మార్చుకోవడం. రిలీజ్ డేట్ ముందు వేసేస్తారు, క్లైమాక్స్ ఏంటో అప్పటికి తేలదు, ఒక వెర్షన్ చేయిస్తారు, నచ్చలేదంటారు, విలన్ డ్రెస్ మారుస్తారు, మళ్ళీ రీషూట్, చేసిన షాట్లన్నీ పక్కన పడేసి మళ్ళీ మొదటికి. 2017లో జస్టిస్ లీగ్‌కి అదే జరిగింది, మధ్యలో డైరెక్టర్ మారాడు, రీషూట్లు చేశారు, బడ్జెట్ 30 కోట్ల డాలర్ల దాకా వెళ్ళింది, వచ్చింది 65 కోట్లు, రెండున్నర రెట్లు అంటే 75 రావాలి. కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు ఎంత నలిగిపోయారంటే 2023లో మార్వెల్ వీఎఫ్‌ఎక్స్ వర్కర్లు ఓటేసుకుని యూనియన్ పెట్టుకున్నారు. మన ఊళ్ళో కూడా ఈ పని చేసే పిల్లలు వేలల్లో ఉన్నారు, ఈ హాల్లో కూడా ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు. (ఒక మూల నుంచి చప్పట్లు) ఆఁ, ఉన్నారు. గ్రాఫిక్స్ బాలేవు అని సోషల్ మీడియాలో మీ పిల్లల్ని తిడుతుంటారు, లాకైన ఎడిట్, అంటే ఇక మార్చమని తేల్చిన ఎడిట్, ఎప్పుడిచ్చారో, ఎన్ని వారాలిచ్చారో ఎవరూ అడగరు.

ఈగ చూడండి, 2012. గ్రాఫిక్స్ మకుట అనే సంస్థ వాళ్ళు ఈ హైదరాబాద్‌లోనే చేశారు. ఆ ఈగకి మొహంలో ఎక్స్‌ప్రెషన్ ఉండదు, మాట రాదు, కాళ్ళూ చేతులూ తల ఊపడంతోనే కోపం, ప్రేమ, వెటకారం అన్నీ చూపించాలి. చూసేవాడు గ్రాఫిక్స్ అని మర్చిపోయి, వాడు నలిగిపోతాడేమో అని భయపడ్డాడు. ఒక్క దెబ్బకి చచ్చిపోయే హీరో! నా దృష్టిలో మన దేశంలో తీసిన బెస్ట్ సూపర్‌హీరో సినిమా అదే, ఎవరు కాదన్నా సరే.

ఇక్కడ్నుంచి నడిచి వెళ్తే పది పదిహేను నిమిషాల్లో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వస్తుంది, దేవి, సుదర్శన్, సంధ్య థియేటర్లు. అక్కడ శుక్రవారం పొద్దున వచ్చే జనం వేరు, సోమవారం ఫస్ట్ షోకి వచ్చే జనం వేరు. శుక్రవారం ఫ్యాన్ వస్తాడు, వాడికి టాక్‌తో పని లేదు. సోమవారం వచ్చేది ఇంట్లో అడిగి, పిల్లల స్కూల్ చూసుకుని, ఆఫీసులో ఎవరో బాగుందంటే బయల్దేరే మనిషి. రేట్లు పెంచకపోయినా మల్టీప్లెక్స్‌లో టికెట్ జీఎస్టీతో 295, నలుగురు వెళ్తే 1180, పాప్‌కార్న్ పిల్లలు అడగకుండా ఉండరు, క్యాబ్ ఖర్చు ఎటూ ఉంది, అంతా కలిపి రెండు వేలు దాటుతుంది. అదే సినిమా నెలా నెలన్నరలో ఓటీటీలో వస్తుందని ఆయనకి తెలుసు. అలాంటి మనిషిని బయటికి లాగాలంటే స్క్రీన్ మీద బిల్డింగులు కూలితే చాలదండీ, బిల్డింగులు కూలడం ఆయన ఇప్పటికే చాలాసార్లు చూసేశాడు.

ఆదిపురుష్‌కి ఇదే జరిగింది. అది సూపర్‌హీరో సినిమా కాదు, కానీ లెక్క అదే. 2022 అక్టోబర్‌లో టీజర్ వచ్చింది, బొమ్మలు చూసి జనం మండిపడ్డారు, సంక్రాంతి నుంచి 2023 జూన్ 16కి వాయిదా వేశారు. మొదటి మూడు రోజులు వసూళ్ళు బ్రహ్మాండం, సోమవారానికి ఢమాల్. మన రాముడు, మన హనుమంతుడు, అంత భక్తి ఉన్న జనం, అయినా రాలేదు, ఎందుకంటే అది మనది అనిపించలేదు.

ఏడు నెలలు తిరక్కుండా అదే హనుమంతుడి పేరు మీద ఇంకో సినిమా వచ్చింది. 2024 జనవరి 12, హనుమాన్. అదే రోజు మహేశ్ బాబు సినిమా ఉంది, హైదరాబాద్‌లో దీనికి సింగిల్ స్క్రీన్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే దొరికాయి. బడ్జెట్ 40 కోట్ల రూపాయలని చెప్తారు, వచ్చింది 300 కోట్ల దగ్గర. ఏముంది అందులో? అంజనాద్రి అనే ఊరు, చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడు, వాడికో అక్క, ఒక మణి, ఆ మణికి పగలు మాత్రమే పవర్. రాత్రయితే వాడు మళ్ళీ మామూలు కుర్రాడే. ఆ ఒక్క రూల్‌తో ప్రతి సీన్‌కీ భయం వచ్చింది. శుక్రవారం కంటే తర్వాతి వారం థియేటర్లు పెరిగాయి, నేను లెక్కలు చూసిన ఇన్నేళ్ళలో అలా పెరిగినవి చాలా తక్కువ. లోకా కూడా అంతే, కేరళలో అమ్మమ్మలు చెప్పే నీలి యక్షి కథని తీసుకొచ్చి బెంగుళూరులో ఒక అద్దె ఇంట్లో పెట్టారు.

మనకి శక్తులు కొత్త కాదు కదా. 1957లోనే మాయాబజార్ చూసినవాళ్ళం. ఘటోత్కచుడు అంత పెద్ద మాయలమారి, ఆ శక్తి అంతా దేనికి వాడాడు? శశిరేఖ పెళ్ళి ఆపి, తమ్ముడు అభిమన్యుడికి చెయ్యడానికి! లోకాన్ని కాపాడలేదు, ఆకాశంలో నీలం రంగు వెలుగు రాలేదు, ఒక ఇంటి పరువు, ఒక ఆడపిల్ల మనసు, అంతే. అరవై ఏళ్ళు దాటినా జనం ఇప్పటికీ చూస్తున్నారు. లోకం అంతమైపోతుంది అంటే మనకి భయం వెయ్యదు, ఎందుకంటే అవ్వదని తెలుసు. హనుమాన్‌లో ఆ అక్కకి ఏమైనా అవుతుందేమో అంటే భయం వేస్తుంది.

(ఒక అమ్మాయి: సార్, మరి బాగున్న సినిమాలు కూడా పోతున్నాయి కదా? థండర్‌బోల్ట్స్ చాలా బాగుంది.)

అవునమ్మా, బాగుంది, నాకూ నచ్చింది. మార్వెల్ వాళ్ళదే, 2025 మేలో వచ్చింది, ఖర్చు 18 కోట్ల డాలర్లు, వచ్చింది 38. మంచి టాక్ ఉన్నా బ్రేక్ ఈవెన్ దగ్గరికి రాలేదు. దానికి ముందు వచ్చిన సినిమాలు చేసిన అప్పు అది తీర్చింది అనుకోవచ్చు. నమ్మకం పోవడానికి మూడు సినిమాలు చాలు, తిరిగి రావడానికి ఒక మంచి సినిమా చాలదు. అందుకే మన వాళ్ళ గురించి నాకు దిగులు. హనుమాన్ ఆడగానే అందరూ యూనివర్స్, అంటే ఒకదానికొకటి ముడిపడే సినిమాల వరస, అంటున్నారు, ఒక సినిమా పూర్తవకముందే నాలుగు పోస్టర్లు వదులుతున్నారు, ఫస్ట్ పార్ట్ చివర్లో సగం కథ ఆపేసి మిగతాది తర్వాత చూడండి అంటున్నారు. బడ్జెట్లు పది రెట్లు పెంచుతున్నారు, బయ్యర్‌కి అదే రేషియోలో రేట్లు చెప్తున్నారు, నిర్మాత తర్వాత మొదట మునిగేది నైజాంలో, సీడెడ్‌లో, అంటే రాయలసీమలో, ఆ బయ్యరే, ఆ తర్వాత రెంట్లు రాని సింగిల్ స్క్రీన్.

(ఒక కుర్రాడు: నేను ఒక సూపర్‌హీరో స్క్రిప్ట్ రాసుకుంటున్నా సార్, ఏమన్నా చెప్పండి.)

సంతోషం నాయనా. చెప్తా రాసుకో. నీ హీరోకి ఆ శక్తి ఎప్పుడు పని చెయ్యదో ముందు రాయి, ఎప్పుడు పని చేస్తుందో తర్వాత. వాడి ఊరు పేరు, వాడింట్లో ఎవరున్నారు, వాడు ఎవరికి అప్పున్నాడు, అది తేలాక గ్రాఫిక్స్ షాట్లు ఎన్నో లెక్కపెట్టు, నీ చేతితో కాగితం మీద. రాసిన వాటిలో ఏది తీసేస్తే కథ ఆగిపోదో అది కొట్టెయ్. క్లైమాక్స్ స్టోరీబోర్డ్ పూర్తిగా గీయించాకే షూటింగ్‌కి వెళ్ళు, ఎడిట్ లాక్ చేశాకే ఫైనల్ షాట్లకి ఇవ్వు, రిలీజ్ డేట్ ఆ షాట్లు చేతికొచ్చాక వెయ్యి. నిర్మాత ఎవరైనా దీన్ని మూడు పార్టులు చేద్దాం అంటే, మొదటిది పూర్తి కథగా తీద్దాం, ఆడితే మాట్లాడుకుందాం అని చెప్పు, వినకపోతే ఇంకో నిర్మాత దగ్గరికి వెళ్ళు. స్క్రిప్ట్ రెడీ అయ్యాక నాకు తెచ్చి చూపించు, షేర్ ఎంత రావాలో కూర్చుని లెక్కేద్దాం.